మార్కులు తగ్గితే ట్యూషన్ మార్చేముందు ఇవి చూడండి

ఒడిశాలోని మన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. మెట్రిక్ అవగానే కొందరు ఏకంగా వైజాగ్ హాస్టల్‌కి. అలా ఊరు మారినప్పుడల్లా స్నేహాలు మళ్లీ మొదటి నుంచే. మార్కులు తగ్గగానే మనం ట్యూషన్ సార్‌ని మార్చేస్తాం గానీ, పక్కన కూర్చునేదెవరో అడగం.

టిఫిన్ డబ్బా సగం అలాగే తిరిగొస్తోందా, ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి అంటున్నారా గమనించండి. అన్నిటికంటే ముఖ్యం, రోజూ పదిసార్లు వినిపించే స్నేహితుడి పేరు ఉన్నట్టుండి మాటల్లోంచి పోయిందా? నన్నడిగితే ప్రోగ్రెస్ కార్డు కంటే ముందు తెలిసేది ఇక్కడే. లెక్క చేస్తూ అంకెలు గుర్తుంచుకోవడానికి బుర్రలో ఉండే చోటే కొంచెం, అందులో "వాడు నాతో ఎందుకు మాట్లాడట్లేదు" అన్న టెన్షన్ తిరుగుతుంటే ఎంత చదివినా ఎక్కదు, పైగా రాత్రి నిద్ర పట్టదు, చదివింది కుదురుకునేదేమో ఆ నిద్రలోనే.

ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది?" అంటే "ఏం లేదు" అనే జవాబు వస్తుంది. బండి మీద వెనకాల ఉన్నప్పుడో, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడో "ఇవాళ ఇంటర్వెల్‌లో ఎవరితో ఉన్నావురా?" అని ఊరుకోండి. చెప్పడం మొదలెడితే మధ్యలో తీర్పు చెప్పకండి, ఆ రాత్రే అవతలి పిల్లాడి అమ్మకి ఫోన్ అసలే చేయకండి.

తర్వాత టీచర్. ఒడియా సరిగా రాదని మీటింగ్‌లో వెనక వరసలో కూర్చునే తల్లులు చాలామందే ఉన్నారు, ఒక్క మాట చాలు: "సే ఏకా బసుఛి కి?" ఒంటరిగా కూర్చుంటున్నాడా అని. అవునంటే, నెమ్మదైన పిల్లాడెవరి పక్కనైనా కూర్చోబెట్టమని అడగండి. క్లాసంతా స్నేహితులవ్వక్కర్లేదు, ఒక్కడు దొరికితే చాలు.

హాస్టల్లో ఉంటే రోజూ ఒకే టైముకి ఫోన్ చేయండి, మొదటి ప్రశ్న టెస్ట్ గురించి వద్దు. ప్రేమ గొడవైతే ఫోన్ లాక్కోవడం దండగ, ఇంకోటి సంపాదిస్తారు.

చచ్చిపోవాలనుంది అన్నమాట వస్తే మాత్రం బెదిరింపనుకోకండి, ఒంటరిగా వదలకండి. మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బళ్లో ఎవరైనా కొడుతున్నా, వేధిస్తున్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్యులున్నారు, తీసుకెళ్లేటప్పుడు బంధువులకి కారణం చెప్పక్కర్లేదు.