తెరపై నిండు వెలుగు, ఆల్బమ్‌లో చీకటి: కారణం, పరిష్కారం

సరదాకు ఫొటోలు తీసినన్నాళ్లూ ఎదురుపడని ఈ సమస్య, డబ్బు తీసుకుని తొలి ఆల్బమ్ వేయించినప్పుడు బయటపడుతుంది. కంప్యూటర్‌లో కళకళలాడిన చిత్రం కాగితం మీద మసకబారుతుంది. నల్లని జుట్టు, ముదురు రంగు బట్టలు ఒకే ముద్దగా కలిసిపోతాయి, ముఖంలో నీడ పడిన వైపు కన్ను జాడ తెలియదు. చాలామంది వెంటనే ల్యాబ్‌తో తగవుకు దిగుతారు, లేదా ఖరీదైన లెన్స్ కోసం వెతుకుతారు.

దయచేసి ముందు హిస్టోగ్రామ్ చూడండి, అంటే చిత్రంలోని చీకటి భాగాలను ఎడమ వైపు, వెలుగు భాగాలను కుడి వైపు చూపే గ్రాఫ్. తెర వెలుగు ఎంత పెంచినా తగ్గించినా అది మారదు. మామూలు వెలుతురులో తీసిన ముఖం ఫొటోకు హిస్టోగ్రామ్ అంతా ఎడమ వైపే పోగుపడి, కుడి వైపు మూడో వంతు ఖాళీగా ఉంటే, చీకటి ఫైల్‌లోనే ఉంది. ల్యాబ్ ఉన్నదే అచ్చు వేసింది.

కారణం: తెర వెలుగు మితిమీరడం

కొత్త మానిటర్లు చాలావరకు చదరపు మీటరుకు 250 క్యాండెలాలు (వెలుగు కొలమానం), అంతకు మించిన వెలుగు ఇవ్వగలవు. ప్రింట్ కోసం పనిచేసేవారు దాన్ని 80 నుంచి 120 మధ్య ఉంచుతారు. కాగితానికి సొంత వెలుగు లేదు కనుక, అతి వెలుగులో ‘సరిపోయింది’ అనిపించిన చిత్రం అచ్చులో నల్లబడక తప్పదు. తెర వెలుగునూ రంగులనూ కొలిచి సరిచేసే క్యాలిబ్రేటర్ పరికరంతో వెలుగును 100 దగ్గర, శ్వేతబిందువును (తెరపై తెలుపు ఛాయను) 6500 కెల్విన్ వద్ద, గామాను (నలుపు తెలుపుల మధ్య ఛాయల తీరును) 2.2 వద్ద స్థిరపరచుకోండి.

క్యాలిబ్రేట్ చేశాక కూడా చీకటి తగ్గకపోతే

నన్ను ఎక్కువగా ఏడిపించినది ఇదే. క్యాలిబ్రేటర్ అంతా సరిగ్గా ఉందని చెబుతుంది, కానీ ఒకే ఆల్బమ్‌లో పగలు ఎడిట్ చేసిన పేజీలకూ రాత్రి ఎడిట్ చేసిన పేజీలకూ పొంతన కుదరదు. గదిలోని వెలుతురును బట్టి తెర తనంతట తాను వెలుగు మార్చుకునే ఆటో బ్రైట్‌నెస్, బ్యాటరీ ఆదా కోసం చిత్రంలోని నలుపు తెలుపులను బట్టి వెలుగును సర్దే సదుపాయం, మానిటర్ సొంత మెనూలో దాగి ఉండి, దృశ్యాన్ని బట్టి వెలుగు మార్చే డైనమిక్ కాంట్రాస్ట్, వీటిలో ఏ ఒక్కటి పనిచేస్తున్నా మీరు కొలిచిన కొలత కాసేపటికే చెల్లకుండా పోతుంది. నైట్ మోడ్ హాని మరో రకం: తెర పసుపుబారినందున మనం వైట్ బ్యాలెన్స్‌ను (చిత్రం మొత్తం రంగు ఛాయను) నీలం వైపు లాగుతాము, ప్రింట్‌లో చర్మం పాలిపోయి నీలిఛాయలో వస్తుంది.

పరీక్ష సులభం. తెర నిండా తెల్లని పేజీ తెరిచి, ల్యాప్‌టాప్ అయితే కెమెరా పక్కనుండే సెన్సర్‌ను అరచేత్తో కప్పి కొన్ని క్షణాలు ఆగండి. తర్వాత నల్లని నేపథ్యంలో చిన్న తెల్లని చతురస్రం ఉన్న చిత్రం తెరిచి, ఆ తెలుపును గమనించండి. రెంటిలో ఎక్కడైనా వెలుగు మెల్లగా జారితే ఏదో ఒక సదుపాయం ఇంకా పనిచేస్తోందన్నమాట. ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగులలోనూ మానిటర్ మెనూలోనూ వెతికి అన్నింటినీ ఆపండి. ఆపిన తర్వాతే, తెరను అరగంట వెలగనిచ్చి మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. పాత ప్రొఫైల్‌ను (క్యాలిబ్రేటర్ భద్రపరచిన తెర కొలతల ఫైల్‌ను) కదిలే వెలుగులో కొలిచారు కనుక దాన్ని ఉంచుకోవడం వ్యర్థం. ఎడిటింగ్ గదిలో దీపం కూడా పగలూ రాత్రీ ఒకేలా ఉండాలి. చీకటి గదిలో కూర్చుంటే తక్కువ వెలుగు కూడా కంటికి ఎక్కువగానే తోస్తుంది.

చీకటి కాదు, రంగులు వెలవెలబోతే

అడోబ్ ఆర్‌జీబీ అనే విస్తృత రంగుల పరిధిలో ఉన్న ఫైల్‌ను, ఆ పరిధి ఏదో చెప్పే రంగు ప్రొఫైల్ జతచేయకుండా పంపి ఉంటారు. ల్యాబ్ ప్రత్యేకంగా వేరే అడిగితే తప్ప సాధారణంగా వాడే ఎస్ఆర్‌జీబీ పరిధికి మార్చి, ప్రొఫైల్‌తో సహా పంపండి. మ్యాట్ (మెరుపు లేని) కాగితంపై నలుపు గాఢత తగ్గడం దాని స్వభావం. ప్రింటర్ లోపం, సిరా లోపం అరుదు. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి.

ఆల్బమ్ మొత్తం పంపే ముందు చర్మం, నల్లని బట్ట, తెల్లని బట్ట మూడూ ఉన్న ఒక్క పేజీని, ల్యాబ్ వారి ఆటో కరెక్షన్ (వెలుగు, రంగులను వారి యంత్రం సర్దడం) ఆపమని చెప్పి అచ్చు వేయించండి. దాన్ని పగటి వెలుతురులో పరిశీలించి, తెరతో సరిపోలాకే మిగతా పేజీలు పంపండి.