పాత సైకిల్ కంపెనీ ఉత్తరాలు విప్పే ముందు

అమెరికాలో కొలంబియా సైకిళ్లు చేసిన పోప్ కంపెనీ ఉత్తరాలు లాంటివి మీ చేతికొచ్చాయా? స్కాన్ చేసే ముందు ఇవి చూసుకోండి.

తడి అసలు తగలనివ్వొద్దు. మరక కనబడగానే తడిగుడ్డతో తుడవాలనిపిస్తుంది, కానీ ఆ ఒక్క తుడుపుతో ఉత్తరమే పోతుంది. అప్పట్లో తడిపిన పలుచని కాగితాన్ని ఉత్తరం మీద పరిచి, ఇనుప ప్రెస్సులో నొక్కి ఆఫీసు నకలు తీసుకునేవారు. అందుకే నీటికి కరిగే సిరా వాడేవారు. ఊదారంగు అక్షరాలైతే అలాంటి సిరానే అని నూటికి నూరుపాళ్లు అనుమానించండి.

లామినేషన్, సెల్లోటేపు వద్దు. మళ్లీ ఊడదీయలేం.

మడత గట్టిగా ఉంటే బలవంతంగా విప్పొద్దు, మొదట చిరిగేది అక్కడే.

తుప్పు పట్టిన గుండుసూదిని లాగొద్దు. దాని చుట్టూ కాగితం పెళుసెక్కి ఉంటుంది.

కవరు పారేయొద్దు, పోస్టు ముద్ర తేదీకి సాక్ష్యం.

కొనే ముందైతే పైన అచ్చేసిన చిరునామాను తేదీతో పోల్చండి. 1878లో ఈ సైకిళ్లు తయారైంది హార్ట్‌ఫర్డ్‌లోని వీడ్ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో, పోప్ దాన్ని కొన్నది 1890లో. కాబట్టి అంతకుముందు తేదీ ఉన్న ఉత్తరం మీద అది పోప్ సొంత ఫ్యాక్టరీ అన్నట్టు అచ్చయి ఉంటే అనుమానించండి. భూతద్దంలో రంగు చుక్కలు కనిపిస్తే అది ఈనాటి ప్రింటు కావచ్చు.

గ్లౌజులక్కర్లేదు, కడిగి బాగా ఆరిన చేతులు చాలు.