టవర్ లైన్ సైట్‌లో ఎవరికైనా ఏదైనా అయితే: ముందే చేసి పెట్టుకోవాల్సినవి

మన్యం ఏజెన్సీలో టవర్ లైన్ (టవర్ల మీద హై వోల్టేజ్ కరెంటు తీగలు లాగే) పని చేయించే సూపర్‌వైజర్ల కోసం, కొత్తగా సైట్‌కి వచ్చిన ఇంజనీర్ల కోసం ఇది రాస్తున్నాను. పాడేరు, చింతపల్లి వైపు కొండల్లో చాలా లొకేషన్లకి, అంటే నంబర్ వేసి పెట్టిన టవర్ చోట్లకి, బండి వెళ్లదు, ఫోన్ పలకదు. అక్కడ ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఒక్కటే పెట్టుకుని ధైర్యంగా ఉంటే లాభం లేదు.

రెండేళ్ల కిందట మా గ్యాంగ్‌లో ఒకతను ఫౌండేషన్ గోతిలోకి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పక్కనున్న కుర్రాడు సిగ్నల్ కోసం గుట్టెక్కి 108కి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఏ ఊరు, ఏ మండలం అని అడుగుతుంటే, వాడు "లొకేషన్ 47, లొకేషన్ 47" అని అదే మాట చెప్తున్నాడు. పాపం వాడు బెంగాల్ నుంచి వచ్చాడు, వాడికి తెలిసిన చిరునామా అదొక్కటే. నేను వచ్చి ఊరి పేరు చెప్పేసరికి నలభై నిమిషాలు పోయింది, ఆ నలభై నిమిషాలూ అతను ఆ గోతిలోనే ఉన్నాడు.

అందుకే మొదటి పని బోర్డు. పని నడుస్తున్న ప్రతి టవర్ దగ్గరా ఒక రేకు మీద దగ్గరి ఊరు, పంచాయతీ, మండలం, తారురోడ్డు ఎక్కడ వదలాలి, అక్కణ్ణుంచి ఎంత దూరం నడవాలి అన్నీ తెలుగులోనూ హిందీలోనూ రాయించండి. లాటిట్యూడ్, లాంగిట్యూడ్ ఎలాగూ సర్వే షీట్‌లో ఉంటాయి, అవీ రాయించండి. ఏ బండ మీద నిలబడితే ఏ నెట్‌వర్క్ దొరుకుతుందో వెతికి ఆ బండకి పెయింట్ వేయండి. ఫోన్ చేసేది ఎవరు, మలుపు దగ్గర నిలబడి అంబులెన్స్‌ని తీసుకొచ్చేది ఎవరు అన్నది పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లోనే, అంటే పని మొదలయ్యే ముందు అందరితో మాట్లాడే జాగ్రత్తల మీటింగ్‌లోనే, పేరు పెట్టి చెప్పండి. పేరు పెట్టకపోతే అందరూ దెబ్బ తగిలినవాడి చుట్టూ మూగుతారు, రోడ్డు మీదికి ఒక్కడూ వెళ్లడు.

రెండోది, సైట్ మొదలైన వారంలోపు మీరే స్వయంగా ఆసుపత్రులకి వెళ్లి రండి. పాముకాటు ఇంజెక్షన్, అదే ఏఎస్‌వీ, స్టాక్ ఉందా, రాత్రిపూట డాక్టర్ ఉంటారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అని అడిగి నంబర్ రాసుకోండి. నెలకోసారి ఫోన్ చేసి మళ్లీ అడగండి, మొహమాటపడొద్దు.

పాము సంగతి కాస్త వివరంగా చెప్పాలి. క్యాంపులో కింద పడుకున్నవాళ్లని కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే గ్యాస్ అనుకుని మాత్ర ఇవ్వకండి, కాటు కిందే లెక్కేసి బయల్దేరండి. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు కోసం ఎవరి ఇంటికో తీసుకెళ్లడం ఏవీ వద్దు. ఉంగరాలు, మొలతాడు, బిగుతు బట్టలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. పాముని వెతికి చంపే పని అసలే పెట్టుకోవద్దు, ఎందుకంటే మన దగ్గర ఇచ్చే ఏఎస్‌వీ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒక్కటే. అది రియాక్షన్ ఇవ్వొచ్చు కాబట్టి ఆసుపత్రిలోనే ఎక్కించాలి, మన బాక్స్‌లో పెట్టుకునేది కాదు. మంచాలు, లోపలికి దోపుకున్న దోమతెరలు ఇప్పిస్తే పాములకీ మలేరియాకీ రెండింటికీ పనికొస్తుంది.

పాము కరిచినవాణ్ణి డోలీలో మోయొచ్చు. టవర్ మీంచి పడ్డవాణ్ణి మాత్రం వద్దు, డోలీలో వెన్ను వంగిపోతుంది. దీనికి మేం చేసుకున్న ఏర్పాటు షట్టరింగ్ ప్లైవుడ్: ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ముక్క, రెండు వైపులా చెయ్యి దూరేలా రంధ్రాలు, కట్టడానికి నాలుగు పాత సేఫ్టీ బెల్ట్ పట్టీలు. ఒకడు తలని మెడతో సహా కదలకుండా పట్టుకుని లెక్క చెప్పాలి, మిగతా ముగ్గురూ ఆ లెక్కకి ఒళ్లంతా ఒకేసారి పక్కకి తిప్పి ప్లైని అతని వీపు కిందికి తోయాలి. అంబులెన్స్ అక్కడిదాకా రాగలిగితే అదీ చేయకండి, తల పట్టుకుని అలాగే ఉంచండి.

టవర్ మీంచి జారి హార్నెస్‌కి (ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్ట్‌కి) వేలాడుతున్నవాణ్ణి చూసి "పడలేదు కదా, పర్లేదు" అనుకోకండి. పట్టీలు తొడల్ని బిగించేస్తాయి, రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. దించడానికి తాడు, కప్పీ టవర్ కింద ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, స్టోర్‌లో తాళం వేసి కాదు. దించేదాకా కాళ్లు ఆడిస్తూ ఉండమని కేకేసి చెప్పండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి, ఆగిందా అని తీసి చూడకూడదు. తడిస్తే పైన ఇంకో గుడ్డ. చెయ్యో కాలో నలిగి రక్తం చిమ్ముతూ ఆగకపోతే అప్పుడు మాత్రమే గాయానికి పైన నాలుగు వేళ్ల దూరంలో, కీలు మీద కాకుండా టోర్నికెట్ (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) బిగించి, టైము నుదుటి మీద పెన్నుతో రాయండి. ఊపిరి లేనివాడికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. చేతులు అలిసిపోతాయి కాబట్టి రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి.

కరెంటు విషయంలో ఒక మాట. షాక్ కొట్టినవాణ్ణి ఎండు కర్రతో తోసేయమనే సలహాని 220 కేవీ (2,20,000 వోల్టుల) లైన్ దగ్గర మర్చిపోండి. సబ్‌స్టేషన్ నుంచి లైన్ ఆపేశామని మాట వచ్చాకే దగ్గరికి వెళ్లాలి, అందుకే ఆ నంబర్ కూడా బోర్డు మీదే ఉండాలి. పక్కన లైవ్ లైన్ ఉంటే మనం కొత్తగా లాగిన తీగలోకీ ఇండక్షన్ వస్తుంది, అంటే తగలకుండానే కరెంటు పుడుతుంది, పని చేసేచోటికి రెండు వైపులా ఎర్తింగ్ లేకుండా ముట్టుకోనివ్వకండి. ఉరుము వినపడగానే టవర్ మీద ఉన్నవాళ్లని దించేయండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎక్కనివ్వొద్దు. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు, భయపడకుండా వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టొచ్చు.

ఇక బొలెరో. రాత్రి డ్రైవర్ కింద ఊళ్లో పడుకుంటాడు, తాళం అతని జేబులో ఉంటుంది. రెండో తాళం క్యాంపులో మేకుకి వేలాడదీయించండి, బండి నడపగల ఇంకొకడు రోజూ క్యాంపులోనే ఉండేలా చూడండి, సగం ట్యాంకు కంటే తక్కువ డీజిల్‌తో బండిని రాత్రి నిలపనివ్వకండి.