మందు కూరే తుపాకిని సముద్రపు గాలిలో కాపాడుకోవడం ఎలా?

మాడుగుల, చోడవరం, నర్సీపట్నం వైపు పాత రైతు కుటుంబాల్లో అడవిపందుల నుంచి చెరకును కాపాడుకోవడానికి ఒకప్పుడు లైసెన్సు మీద ఉంచుకున్న మందు కూరే తుపాకులు (గొట్టం మూతి నుంచి నల్లమందు, గుండు దట్టించి పేల్చేవి), పెద్దవాళ్లు పోయి పిల్లలు విశాఖపట్నంలో స్థిరపడ్డాక, సామానుతోపాటు నగరానికి వచ్చి అపార్ట్‌మెంటు బీరువాల్లో చేరాయి. ఊళ్లో పొడి అటక మీద ఏళ్ల తరబడి చెక్కుచెదరని గొట్టం ఇక్కడ రెండు వర్షాకాలాలకే తుప్పు పట్టడం చూసి అందరూ సముద్రపు గాలిని తిట్టుకుంటారు. గాలి పాత్ర లేదనను గానీ, అసలు పొరపాటు మందు కాలాక గొట్టంలో మిగిలే ఉప్పును కడగకుండా దాని మీద నూనె పూయడంలో ఉంది. మా పెదనాన్నగారి తుపాకికి నేను చేసిందీ అదే. దసరాకు కిరోసిన్‌తో తుడిచి, కుట్టుమిషను నూనె దట్టంగా పట్టించి, పెదవాల్తేరులోని ఇంట్లో భద్రంగా పెట్టాను. సంక్రాంతికి తీసి గుడ్డ దూర్చి లాగితే ఇటుక పొడి అద్దినట్టు ఎర్రగా వచ్చింది.

శుభ్రం చేసే ముందు కాగితాలు చూసుకోవాలి. లైసెన్సుదారు మరణిస్తే, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, వారసులు ఆలస్యం చేయకుండా ఆ తుపాకిని దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గరో అప్పగించి, తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. అది వచ్చేదాకా తుపాకి ఇంట్లో ఉండకూడదు. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవాటితో కలిపి కూడా ఒక మనిషి దగ్గర 2 తుపాకులకు మించి ఉండరాదు. పాత లైసెన్సు మీద విశాఖపట్నం జిల్లా అని ఉన్నంత మాత్రాన ఇక్కడి కార్యాలయమే దానికి దిక్కు అనుకోకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలయ్యాక మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి.

పంట కాపుదల కోసం మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని ఆయుధాల చట్టంలోనే ఉంది కాబట్టి, ఆ కాగితం చేతిలో ఉంటే పందిని కొట్టవచ్చని ఊళ్లలో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అది పొరపాటు. తుపాకి ఉంచుకునే అనుమతి వేరు, జంతువును చంపే అనుమతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. గురి తప్పిన ప్రయత్నం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. పంటకు ముప్పు వచ్చినప్పుడు అటవీ అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప వేరే దారి లేదు. నగరాన్ని ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉందని ఉత్సాహపడేవాళ్లకూ ఇదే జవాబు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకులతో వేటాడటానికి ప్రత్యేకంగా ఒక కాలం కేటాయించారని అక్కడున్న మన పిల్లలు చెబుతుంటారు. అది అక్కడి చట్టం, అక్కడి జింకలు.

తుపాకి చేతికి రాగానే అందులో మందు ఉందనే అనుకోవాలి. ఈ మందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. తేమ తగలకపోతే దశాబ్దాలు గడిచినా దాని శక్తి పోదు. పెద్దాయన ఏనాడో పందుల కోసం కూరి, పేల్చకుండా గోడకు తగిలించిన తుపాకి మనవడి చేతిలో పేలే ప్రమాదం ఉంది. పరీక్ష తేలికే. గొట్టం మూతిని మనుషులు లేని వైపు తిప్పి, మొహం ఆ దారికి అడ్డం రాకుండా పక్కన నిలబడి, నిపిల్ (గొట్టం అడుగున మందుకు నిప్పు చేరవేసే రంధ్రమున్న చిన్న మొన) మీద కేపు (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న రేకు టోపీ) లేదని ముందుగా చూసుకోవాలి. కేపు ఉంటే పీకే ప్రయత్నం చేయవద్దు, గుర్రాన్ని (కేపు మీద దెబ్బ వేసే సుత్తిని) తాకవద్దు. లేకపోతే గజాన్ని (మందు దట్టించే పొడవాటి కడ్డీని) నెమ్మదిగా గొట్టంలోకి అడుగు తగిలేదాకా జార్చి, మూతి దగ్గర దాని మీద పెన్సిల్‌తో గీత పెట్టాలి. బయటికి తీసి, ఆ గీత మూతి అంచుకు సరిపోయేలా గొట్టం పక్కన ఆనించి పట్టుకుంటే, ఖాళీ తుపాకిలో గజం కొస ఇంచుమించు నిపిల్ దాకా వస్తుంది. రెండు మూడు అంగుళాల ముందే ఆగిపోతే లోపల మందు, గుండు, లేదా కనీసం గుడ్డపీలికలు ఉన్నట్టే. అప్పుడు మీ పని అక్కడితో ఆపి, తుపాకిని కదిలించకుండా, లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారుకో పోలీసులకో చెప్పాలి. మరతో తవ్వడం, వేడి చేయడం, నీళ్లు పోసి మందు చచ్చిందనుకోవడం ప్రాణాల మీదికి తెస్తాయి. తడిసిన మందు ఆరాక మళ్లీ అంటుకోగలదు. అటక మీద పాత మందు డబ్బా దొరికినా ఇదే పద్ధతి, మూత తిప్పి చూడవద్దు.

ఖాళీ అని తేలాక కడగడం మొదలుపెట్టవచ్చు. తుపాకిని నీళ్లతో కడగమంటే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు గానీ, దీనికి నీళ్లే మందు. ఈ మందు కాలినప్పుడు సగానికి పైగా పొగగా పోకుండా ఘనరూపంలోనే మిగులుతుంది. ఆ మిగిలేవి ఎక్కువగా పొటాషియం లవణాలు. గాలిలోని తేమను పీల్చి ఇనుము మీద చెమ్మగా కూర్చుంటాయి. పాత కేపుల్లో వాడిన పొటాషియం క్లోరేట్ పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది, అంటే మన వంట ఉప్పుకు తోబుట్టువే. ఇవన్నీ నీళ్లలో కరుగుతాయి, నూనెలో గానీ కిరోసిన్‌లో గానీ కరగవు. నూనె పూస్తే ఉప్పును మూతపెట్టి దాచినట్టవుతుంది.

గొట్టాన్ని కొయ్య నుంచి విడదీసే ముందు అది దేనితో బిగించి ఉందో చూడాలి. అడ్డంగా దూర్చిన చీలలైతే మెల్లగా తట్టి తీయవచ్చు. సన్నటి పిన్నులు కొయ్యలోకి కొట్టి ఉంటే తీయకుండానే పని కానివ్వడం మంచిది, తీస్తే కొయ్య పగులుతుంది. మర గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే గుర్రమున్న యంత్రం జోలికి పోవద్దు. విడదీసిన గొట్టం అడుగును గోరువెచ్చని నీళ్లున్న బకెట్లో నిలబెట్టి, నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు ద్రావణం వేసి, గజం చివర బిగుతుగా చుట్టిన పాత పంచె గుడ్డను గొట్టంలో పైకీ కిందికీ ఆడించాలి. గుడ్డ లాగినప్పుడు నిపిల్ రంధ్రం గుండా నీళ్లు పైకి వస్తాయి, నొక్కినప్పుడు వెళ్లిపోతాయి. మొదటి బకెట్టు కాటుక కలిపినట్టు నల్లగా మారుతుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది గంధకం వాసన, కంగారు పడనక్కర్లేదు. నీళ్లు మార్చి మార్చి తేటగా వచ్చేదాకా కడిగి, చివర సబ్బు లేని నీళ్లతో మరోసారి కడగాలి. మాకు నాలుగు బకెట్లు పట్టింది.

మీది రైఫిలైతే మరికొంత ఓపిక కావాలి. మూతి దగ్గర టార్చి పట్టి చూస్తే లోపల మెలికలు తిరిగిన గాడులు కనిపిస్తాయి. 1853 నాటి 0.577 అంగుళాల ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు అవి మూడు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషువాళ్లు మన సిపాయిలకు గాడులు లేని నున్నటి గొట్టాలు ఇచ్చారు కాబట్టి, చూడటానికి ఎన్‌ఫీల్డ్‌లా ఉన్నదల్లా రైఫిల్ కాదు. లైసెన్సులోని వర్ణన కూడా దీనికి సరిపోవాలి. గాడుల మూలల్లో మసి పేరుకుంటుంది. వదులుగా చుట్టిన గుడ్డ వాటి మీదుగా జారిపోతుంది.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. పొడి గుడ్డలు ఒకదాని తర్వాత ఒకటి దూర్చి, చివరిది పూర్తిగా పొడిగా వచ్చాక కూడా గంటసేపు గాలి తగిలేలా ఫ్యాను కింద ఉంచి, అప్పుడే పల్చగా తుపాకి నూనె పట్టించాలి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు చెడిపోతుంది. నిపిల్ తీసి ఉంటే మరలకు కొద్దిగా గ్రీజు రాసి బిగించాలి. మరునాడూ, వారం తర్వాతా తెల్లగుడ్డ దూర్చి చూసి, ఎరుపు కనిపిస్తే మళ్లీ బకెట్టు నుంచి మొదలుపెట్టాలి.

కొయ్యకు ఉడికించిన అవిసె నూనె రెండు మూడు చుక్కలు అరచేత్తో రుద్దితే చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. బయట పరిచి ఆరేయాలి. గొట్టం మీది పాత గోధుమరంగును గరుకు కాగితంతో రుద్ది మెరిపించాలనిపిస్తే చేతులు కట్టేసుకోండి, పాత తుపాకికి విలువ ఆ రంగులోనే ఉంది.

ఇక దాచే చోటు. సముద్రం వైపు గోడకు ఆనించిన బీరువాలో పెట్టవద్దు. తోలు సంచిలో గానీ స్పాంజి అమర్చిన పెట్టెలో గానీ అసలే వద్దు, రెండూ చెమ్మను పట్టి ఉంచుతాయి. పలుచటి నూలు గుడ్డ చుట్టి, పక్కన సిలికా జెల్ సంచులు పెట్టి, బీరువాకు తాళం వేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఇళ్లన్నీ తేమతో ముద్దయిన సంగతి నగరవాసులకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజులు గడిచాక నెల ఆగకుండా వెంటనే తీసి తుడవాలి. మిగతా కాలంలో నెలకోసారి చాలు, జూలై నుంచి నవంబరు దాకా పక్షానికోసారి. తిరిగి పెట్టేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉండేలా, అడుగున మడత గుడ్డ వేసి నిలబెట్టాలి. మూతి పైకి ఉంటే నూనె మెల్లగా కిందికి జారి కొయ్యలోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది.