సంక్రాంతి ప్రయాణం: బట్టలతో పాటు ఫోనూ సర్దుకోండి

మూడేళ్ళ కిందట భోగికి ముందు రోజు రాత్రి, హైదరాబాద్‌లో బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. తొమ్మిదింటికి రావాల్సిన బస్సు పదకొండున్నరకి కూడా రాలేదు. బస్సు ఎక్కడుందో చూపించే లింకు ఫోన్లో ఉంది, డ్రైవరు నంబరు ఫోన్లో ఉంది, టికెట్టు ఫోన్లో ఉంది, డబ్బులూ ఫోన్లోనే ఉన్నాయి. లేనిదల్లా ఛార్జింగ్. పక్కనున్నాయన్ని అడిగి ఫోను చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, మా ఆవిడ నంబరు నాకు నోటికి రాదని. నోటికి వచ్చిందల్లా మా ఊరి పాత ల్యాండ్‌లైన్ నంబరు. అది తీసేసి పదేళ్ళయింది.

అప్పట్నుంచి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఒక సాయంత్రం ఈ పనికే పెట్టుకుంటున్నాను. సూట్‌కేసు సర్దడం మా ఆవిడ వంతు, ఫోను సర్దడం నా వంతు. టికెట్టు, డబ్బు, దారి, మనవాళ్ళ నంబర్లు అన్నీ ఒకే ఫోనులో ఇరుక్కుపోకుండా చూసుకోవడమే ఆ సాయంత్రం నేను చేసే పని.

మొదట ఒక చీటీ. కాగితం చీటీయే. ఇంట్లోవాళ్ళవి నాలుగైదు నంబర్లు, రైలైతే పీఎన్ఆర్, ఫోను ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోనుకి ఉండే గుర్తింపు నంబరు, *#06# నొక్కితే కనిపిస్తుంది) రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. పండగ రద్దీలో బస్టాండ్లలో ఫోన్లు పోవడం మామూలే. పోతే ముందు సిమ్ము బ్లాక్ చేయించాలి, తర్వాత పోలీసు ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ పోర్టల్లో ఆ ఐఎంఈఐతో ఫోన్నే బ్లాక్ చేయించవచ్చు. ఐఎంఈఐ పోయిన ఫోన్లోనే రాసుకుని ఉంటే ఏం లాభం?

పవర్ బ్యాంకు ముందు రాత్రే నింపి పెట్టుకోండి. దాని మీద 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా, ఫోనుకి చేరేది ఇంచుమించు మూడింట రెండు వంతులే. విమానంలో వెళ్ళేవాళ్ళు దాన్ని చేతి సంచీలోనే పెట్టుకోవాలి, లోపలికి పంపే పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల వరకు ప్రత్యేకంగా అనుమతి అక్కర్లేదు. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లే కాబట్టి టెన్షన్ లేదు. రైల్లో ప్లగ్గు ఉంది కదా అనుకోవద్దు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపేసే రైళ్ళున్నాయి.

రైలు టికెట్ల గురించి ఇప్పుడు మాట్లాడుకుని లాభం లేదు. రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి జనవరి 13 టికెట్లకి జనం నవంబరు 14 ఉదయమే ఎగబడి ఉంటారు. ఇక మిగిలింది తత్కాల్. ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి తెరుస్తారు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. ఆ పని 9:58కి మొదలుపెట్టకండి. ఆధార్ ఓటీపీ ఆధార్‌లో ఉన్న నంబరుకే వస్తుంది. చాలా ఇళ్ళల్లో ఆ సిమ్ము ఊళ్ళో నాన్న ఫోన్లో ఉంటుంది, నాన్న ఆ టైంకి పొలంలో ఉంటారు.

కారులో వెళ్ళేవాళ్ళకి హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లున్నాయి. పంతంగి దగ్గర బారులు తీరిన కార్లు చూడకుండా సంక్రాంతి వచ్చినట్టే ఉండదు మనకి. ఫాస్టాగ్‌లో డబ్బు ముందు రోజే వేయండి. వరసలో నిలబడి వేస్తే మన ఖాతాలోంచి వెంటనే పోతుంది గానీ, గేటు దగ్గరి మిషనుకి ఆ కబురు చేరేసరికి వెనకాల కార్లు హారన్లు మొదలుపెడతాయి. ట్యాగ్ పనిచేయకపోతే 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కట్టినా ఒకటింపావు రెట్లు పడుతుంది.

మ్యాపు ఆఫ్‌లైన్లో దింపుకోవడం మంచిదే, కానీ అది చూపించిన ప్రతి అడ్డదారీ తొక్కకండి. గుంటూరు, నెల్లూరు వైపు వెళ్ళేవాళ్ళు నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు పట్టుకుంటే తప్పు లేదు, అది పెద్ద రోడ్డు. కోనసీమలో రాత్రి రెండింటికి నాలుగు నిమిషాలు కలిసొస్తాయని కాలవ గట్టెక్కిస్తే మాత్రం ఎక్కొద్దు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చిందంటే వెనక్కి తిప్పుకునే చోటు కూడా ఉండదు. దానికి తోడు తెల్లవారుజామున పొగమంచు. అప్పుడు బండి ఆపి టీ తాగడమే నయం.

డబ్బు విషయానికొస్తే, కోడిపందేల మూడు రోజులూ ఊళ్ళో టవరు మీద ఎంత భారం పడుతుందో చెప్పక్కర్లేదు. పది రూపాయల నోట్లు, వంద రూపాయల నోట్లు దగ్గర ఉంచుకోండి. యూపీఐ యాప్‌లోనే చిన్న పర్సులా ఉండే యూపీఐ లైట్‌లో 5,000 దాకా వేసుకోవచ్చు, వెయ్యి లోపు చెల్లింపులకి పిన్ అక్కర్లేదు. చిన్న ఖర్చులకి అది బాగుంటుంది, కానీ సిగ్నలే లేకపోతే దాన్ని నమ్ముకోలేం.

ఇక తాళం వేసిన ఇల్లు. ఇక్కడ జాగ్రత్త ఎక్కువై తప్పు చేసేవాళ్ళే ఎక్కువ. గ్యాసు రెగ్యులేటరు కట్టేస్తారు, గీజరు ఆపేస్తారు, బాగానే ఉంది. ఆఖర్న మెయిన్ స్విచ్చి కూడా ఆపేసి వెళ్తారు. దాంతో వైఫై రౌటరు ఆగిపోతుంది, మొన్ననే కొన్న సీసీ కెమెరా కళ్ళు మూస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్నదాని సంగతి వేరే చెప్పాలా? గదుల ఎంసీబీలు (మీటరు బోర్డులో విడివిడిగా ఉండే చిన్న స్విచ్చిలు) ఒక్కొక్కటిగా ఆపి, కెమెరా, రౌటరు, ఫ్రిజ్ ఉన్నవి మాత్రం వదిలేయండి. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చారో లేదో చూసుకోండి. లోపల మెమరీ కార్డు ఉంటే నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు. పక్కింటివాళ్ళకి, పోలీస్ స్టేషన్‌కి ఒక మాట చెప్పి వెళ్ళండి. స్టేటస్‌లో ముగ్గులూ అరిసెలూ తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు. మనం ఊళ్ళో లేమని పనిగట్టుకుని చాటింపు వేయడం దేనికి?

ఊళ్ళో దిగాక ఇంకో గండం ఉంది. పట్నం నుంచి వచ్చిన అబ్బాయి అంటే ఊరందరికీ ఫోన్ల డాక్టరే. "ఒరేయ్, ఇది స్లో అయిపోయింది, కాస్త చూడరా" అంటూ అత్తలూ బాబాయిలూ తెచ్చి ఒళ్ళో పెడతారు. ఓసారి నేను ఉత్సాహం కొద్దీ మా అమ్మ ఫోను అప్‌డేట్ చేశాను. బొమ్మలన్నీ చోట్లు మారిపోయి, పాపం మూడు రోజులు ఎవరికీ ఫోను చేసుకోలేకపోయింది. పెద్దవాళ్ళ ఫోన్లలో అలవాటైనదాన్ని కదపకండి. ఫోటోలు తీసేసే ముందు వాళ్ళని అడగండి. వాళ్ళ దృష్టిలో గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా చెత్త కాదు.

చేయాల్సిన పని వేరే ఉంది. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో, బండి మీద చలానా అనో వచ్చే ఏపీకే ఫైలు నొక్కితే ఏమవుతుందో పక్కన కూర్చుని చెప్పండి. అది బొమ్మ కాదు, యాప్. ఒకసారి ఎక్కిందంటే ఓటీపీ మెసేజ్‌లు అవతలివాడు చదివేస్తాడు. సెట్టింగుల్లో బయటి యాప్‌లు ఎక్కించే అనుమతి ఆపేయండి. డబ్బు పోతే వెంటనే చేయాల్సిన 1930 నంబరుని "డబ్బు పోతే" అనే పేరుతో సేవ్ చేసి పెట్టండి. సైబర్ క్రైమ్ అని పెడితే మా అమ్మ వెతకలేదు.

ఈ మధ్య పండక్కి పదో తరగతి బ్యాచ్ కలయికలు ఎక్కువయ్యాయి. పాత ఫోటోలతో, మాస్టర్ల పేర్లతో స్లైడ్లు తయారుచేసి బడిలో ప్రొజెక్టర్ మీద వేయడం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. రెండేళ్ళ కిందట నా నెత్తిన పడింది. డీటీపీ సెంటరు వాళ్ళు వాడే పాత ఫాంటులో తెలుగు కొట్టించుకుని, పెన్ డ్రైవ్‌లో ఫైలు పట్టుకెళ్ళాను. బడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. మా తెలుగు మాస్టారి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ గీతలూ వచ్చాయి. ఆయన ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. "దీర్ఘాలు సరిగ్గా పెట్టడం ఇప్పటికీ రాలేదన్నమాట" అన్నారు.

కాబట్టి తెలుగు యూనికోడ్‌లోనే (ప్రత్యేకంగా ఆ ఫాంటు లేకపోయినా తెలుగుగానే కనిపించే పద్ధతి) టైపు చేయండి, చేశాక పీడీఎఫ్‌గా కూడా దాచండి. పీడీఎఫ్‌లో ఫాంటు ఫైలుతో పాటే వస్తుంది. పాటలూ వీడియోలూ నెట్ నుంచి అక్కడికక్కడ వేద్దాం అనుకోకుండా ఫైళ్ళుగా తెచ్చుకోండి. పాత ప్రొజెక్టర్లకి లావుపాటి నీలం వీజీఏ కేబులే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ రంధ్రం ఉండదు. మధ్యలో పెట్టే అడాప్టరు మీ సంచీలో ఉండాలి. బొమ్మ తెర మీదకి రాకపోతే విండోస్ మీటతో పాటు పీ నొక్కి చూడండి, చాలాసార్లు అంతే సరిపోతుంది. నోటిఫికేషన్లు ఆపేయండి. పాత హెడ్మాస్టరుగారి ఫోటో మీద మీ క్రెడిట్ కార్డు బాకీ మెసేజ్ వచ్చి కూర్చుంటే బాగోదు. కరెంటు పోయినా ఫర్వాలేదనిపించేలా పది ఫోటోలు ప్రింటు తీయించి పట్టుకెళ్ళండి. మా కలయికలో అందరూ ఎక్కువసేపు చూసింది చేతుల్లో తిరిగిన ఆ ప్రింట్లనే.

ఈ ఏటి చీటీ నిన్న రాశాను. మా ఆవిడ నంబరు అన్నిటికంటే పైన పెట్టాను. ఆవిడ చూసి, పెన్ను తీసుకుని అడుగున ఇంకో నంబరు రాసింది. పక్కింటివాళ్ళది. ఇంటి రెండో తాళం చెవి వాళ్ళ దగ్గరే ఉంది.