కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్, ప్రాథమిక రసాయన శాస్త్రం: దరఖాస్తు విధానం

కాలిఫోర్నియా రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. డిగ్రీలో మొదటి రెండేళ్లు వీటిలో చదివి, మిగిలిన రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి బదిలీ కావచ్చు. తెలుగువారు ఎక్కువగా నివసించే ఫ్రీమాంట్‌లోని ఓలోనీ, క్యూపర్టినోలోని డి ఆంజా ఈ కోవలోనివే. 18 ఏళ్లు నిండినవారికి గాని, హైస్కూలు పూర్తిచేసినవారికి గాని ఇక్కడ ప్రవేశ పరీక్ష ఉండదు, శాట్ స్కోరూ అడగరు.

బిజినెస్ చదివేవారికి రసాయన శాస్త్రంతో పనేమిటన్నది చాలామందికి వచ్చే మొదటి సందేహం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు బదిలీ అయ్యేవారి కోసం 2025 ఫాల్ టర్మ్ (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే చదువు కాలం) నుంచి అమల్లోకి వచ్చిన కాల్-గెట్‌సీ అనే సాధారణ విద్యా ప్రణాళికలో ఒక భౌతిక విజ్ఞాన కోర్సు, ఒక జీవ విజ్ఞాన కోర్సు ఉండాలి, వాటిలో కనీసం ఒకదానికి ల్యాబ్ తప్పనిసరి. ల్యాబ్‌తో కూడిన ప్రాథమిక రసాయన శాస్త్రం తీసుకుంటే భౌతిక విజ్ఞానం, ల్యాబ్ అనే రెండు షరతులూ ఒకే కోర్సుతో తీరవచ్చు. అయితే ప్రాథమిక స్థాయి కోర్సులన్నీ ఈ లెక్కలోకి రావు. కొన్ని కాలేజీల్లో అవి పై తరగతికి సన్నాహకంగా మాత్రమే ఉంటాయి కాబట్టి, ఎంచుకున్న కోర్సు సంఖ్యను, ఏ కోర్సు బదిలీకి చెల్లుతుందో చూపే అసిస్ట్ డాట్ ఆర్గ్ వెబ్‌సైటులో సరిచూసుకున్న తరువాతే నమోదు చేసుకోవాలి. నా ఉద్దేశంలో ఈ మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే విలువైన పదిహేను నిమిషాలు ఇవే.

దరఖాస్తు సీసీసీ అప్లై అనే ఉమ్మడి వెబ్‌సైటు ద్వారా చేయాలి. రుసుము లేదు. ముందుగా ఓపెన్ సీసీసీ ఖాతా తెరవాలి. గతంలో ఎప్పుడైనా తెరిచి ఉంటే రెండోది తెరవకుండా పాతదాన్నే పునరుద్ధరించుకోవాలి, లేకపోతే రికార్డులు రెండుగా చీలిపోతాయి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. ఇంటర్ మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉండటం మనవాళ్లలో మామూలే గనుక, తరువాత మెమో సమర్పించేటప్పుడు ఇబ్బంది రాకుండా రెండు పేర్లూ ఒకరివేనని చూపే పత్రం ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారు లేదని తెలపవచ్చు. అయితే ఫెడరల్ ఆర్థిక సహాయం కోరేవారికి అది కావాలి. విద్యా లక్ష్యం అన్నచోట బదిలీ అని, ప్రధాన విషయం అన్నచోట బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అని ఎంచుకోవాలి. నకిలీ విద్యార్థుల పేర్లతో దరఖాస్తులు వస్తున్నందున గుర్తింపు ధ్రువీకరణ అడగవచ్చు, ఆమోదం కొంత ఆలస్యం కావచ్చు. ఆమోదం తరువాత విద్యార్థి సంఖ్య ఈమెయిల్ ద్వారా వస్తుంది. స్పామ్ ఫోల్డరు కూడా చూడాలి.

దరఖాస్తులో తొందరపడి నింపకూడని భాగం నివాసానికి సంబంధించినది, ఎందుకంటే ఫీజు దానిమీదే ఆధారపడుతుంది. రాష్ట్ర నివాసిగా గుర్తింపు పొందినవారు ఏడాదిని రెండు ప్రధాన టర్మ్‌లుగా నడిపే సెమిస్టర్ కాలేజీలో యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే క్రెడిట్‌కు) 46 డాలర్లు, మూడు ప్రధాన టర్మ్‌లుగా నడిపే డి ఆంజా వంటి క్వార్టర్ కాలేజీలో 31 డాలర్లు చెల్లిస్తారు. అంటే నాలుగు యూనిట్ల కోర్సుకు సెమిస్టర్ కాలేజీలో 184 డాలర్లు. నివాసులు కానివారికి ఇది అనేక రెట్లు పెరుగుతుంది. టర్మ్ మొదలయ్యే ముందు రోజుకు రాష్ట్రంలో ఏడాదికి పైగా నివసించి ఉండటం, ఇక్కడే స్థిరపడాలనే ఉద్దేశాన్ని పన్ను పత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు, అద్దె ఒప్పందం వంటివాటితో చూపగలగడం అనేవి రెండూ కావాలి. పెళ్లికాని మైనరుకు సాధారణంగా తల్లిదండ్రుల నివాసమే ప్రమాణం. హెచ్-4 వీసాపై (హెచ్-1బి ఉద్యోగుల భార్య లేదా భర్త, పిల్లలకు ఇచ్చేది) ఉన్నవారు ఈ షరతులు నెరవేరిస్తే నివాసి ఫీజుకు అర్హులే. ఎఫ్-1 (విద్యార్థి), బి-2 (సందర్శకుల) వీసాలవారు కారు. అయితే హెచ్-4పై ఉన్న పిల్లలకు 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది, ఎఫ్-1కు మారితే ఫీజు వర్గమూ మారవచ్చు గనుక, ఆ పుట్టినరోజు ఏ టర్మ్ మధ్యలో పడుతుందో ముందే లెక్క చూసుకోవాలి. హెచ్-4వారికి ఫెడరల్ ఆర్థిక సహాయం వర్తించదు. గ్రీన్ కార్డు ఉన్నవారు, పౌరులు ఫాఫ్సా అనే ఫెడరల్ ఆర్థిక సహాయ దరఖాస్తు చేయవచ్చు, ఆదాయ అర్హత ఉంటే కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ కింద నమోదు ఫీజు మాఫీ పొందవచ్చు.

ప్రవేశం వచ్చాక మూడు పనులు ఉంటాయి: ఓరియెంటేషన్, ఇంగ్లీషు-గణితంలో స్థాయి నిర్ణయం, కౌన్సెలరుతో కలిసి విద్యా ప్రణాళిక తయారీ. ఇవి పూర్తిచేసిన కొత్త విద్యార్థులకు తరగతుల నమోదు తేదీ ముందుగా దొరుకుతుంది. తరగతులు త్వరగా నిండిపోయే చోట ఆ కొద్ది రోజుల తేడా చిన్నదేమీ కాదు, ముఖ్యంగా ల్యాబ్ సెక్షన్లలో సీట్లు పరిమితం.

రసాయన శాస్త్రానికి సాధారణంగా బీజగణితం ముందస్తు అర్హతగా ఉంటుంది. ఎంపీసీ లేదా బైపీసీ చదివినవారు తమ మెమోలను సమర్పించి ముందస్తు అర్హత నుంచి మినహాయింపు కోరవచ్చు. భారత్‌లోని డిగ్రీ కోర్సులకు క్రెడిట్ కోరేటప్పుడు గుర్తింపు పొందిన మూల్యాంకన సంస్థ నివేదికను కాలేజీలు అడుగుతాయి. ఇలాంటి వినతులకు రోజులు పడుతుంది గనుక నమోదు తేదీకి కనీసం నెల ముందే పెట్టాలి. బిజినెస్ కోర్సుల విషయంలో ఇంత చిక్కు లేదు. బిజినెస్ పరిచయం, ఆర్థిక అకౌంటింగ్, సూక్ష్మ ఆర్థిక శాస్త్రం వంటివాటితో మొదలుపెట్టి, బదిలీ కోసమే ఇచ్చే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి 60 సెమిస్టర్ యూనిట్లు లేదా 90 క్వార్టర్ యూనిట్లు పూర్తిచేయాలి. 2010లో వచ్చిన చట్టం ప్రకారం ఈ డిగ్రీ ఉన్నవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు హామీ ఉంది. కోరిన క్యాంపస్‌కే ఆ హామీ అనుకోకూడదు.

నమోదు సమయంలో రసాయన శాస్త్రం లెక్చరు, ల్యాబ్ రెండూ చేర్చబడ్డాయో లేదో చూసుకోవాలి. తరగతి నిండితే వెయిట్‌లిస్టులో చేరి మొదటి రోజు తప్పక హాజరు కావాలి. మొదటి ల్యాబుకు రానివారి పేరు తీసివేయడం అక్కడ రివాజు. రక్షణ కళ్లద్దాల వంటి సామగ్రి ఖర్చు ఫీజుకు అదనం. హాజరు మానేసినంత మాత్రాన పేరు దానంతట అదే పోతుందనుకోవద్దు. గడువులోగా విద్యార్థే పోర్టల్‌లో తొలగించుకోకపోతే ఫీజు బాకీ మిగులుతుంది, మార్కుల పట్టికలో ఎఫ్ (ఫెయిల్) గ్రేడు కూడా చేరవచ్చు.

హైదరాబాదు, విజయవాడ వంటి చోట్ల నుంచి నేరుగా వచ్చేవారికి మార్గం వేరు. వారు కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి దరఖాస్తు చేసి, ఇంగ్లీషు ప్రావీణ్యం, ఖర్చులకు సరిపడా నిధుల ఆధారం చూపి ఐ-20 (ఎఫ్-1 వీసాకు కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రం) పొందాలి. ఆ తరువాత 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాల ప్రభుత్వ వ్యవస్థ) రుసుము, 185 డాలర్ల వీసా రుసుము చెల్లించి, హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో గాని, మరో కాన్సులేట్‌లో గాని ఇంటర్వ్యూకు హాజరు కావాలి. చేరాక ప్రతి టర్మ్‌లో కనీసం 12 యూనిట్లు తీసుకోవాలి, అందులో ఆన్‌లైన్ తరగతులు ఎన్ని ఉన్నా ఒక్కటి మాత్రమే లెక్కకు వస్తుంది కాబట్టి, రసాయన శాస్త్రం ల్యాబును వేళలతో సహా టర్మ్ ప్రణాళికలో అన్నిటికంటే ముందే ఖరారు చేసుకోవాలి.