పిల్లల తల మీద పుట్టుకతో వచ్చే గడ్డ: సమస్య - పరిష్కారం

పుట్టువెంట్రుకలు తీయించిన రోజున, అప్పటిదాకా జుట్టు చాటున ఉన్న చిన్న గడ్డ బయటపడి ఇంటిల్లిపాదీ కంగారు పడటం మనలో చాలామందికి తెలిసిన విషయమే. నొప్పి లేకుండా నెమ్మదిగా పెరిగే ఇటువంటి గడ్డల్లో ఎక్కువగా కనిపించేది డెర్మాయిడ్ సిస్ట్ అనే తిత్తి. ఇది క్యాన్సర్ కాదు. అయినా గడ్డ తలలో ఏ చోట ఉంది, బిడ్డ ఏడ్చినప్పుడు దాని పరిమాణం మారుతుందా అన్న రెండు సంగతులు తేలేదాకా దాన్ని పిండటం గానీ, సూది గుచ్చి చూడటం గానీ ఎంతమాత్రం తగదు. నలుగు పెట్టి తలంటే పెద్దవాళ్లకు కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

సమస్య: కనుబొమ బయటి కొసన గట్టిగా, గుండ్రంగా గడ్డ ఉంది; నొప్పి లేదు.

కారణం: గర్భంలో తొలి వారాల్లో ముఖం, తల భాగాలు ఒకదానితో ఒకటి కలిసే గీతల వెంట కొద్దిపాటి చర్మకణాలు లోపల చిక్కుకుపోతాయి. అక్కడ కూడా అవి చర్మం చేసే పనే చేస్తాయి: పొలుసులు రాలుస్తాయి, జిడ్డు స్రవిస్తాయి, ఒక్కోసారి వెంట్రుకలు సైతం మొలిపిస్తాయి. బయటికి దారి లేనందున అదంతా తిత్తిలోనే పేరుకుంటుంది. అందుకే ఈ గడ్డలు కనుబొమ కొస, మాడు, ముక్కు మొదలు, తల వెనుక నడిమి భాగం వంటి చోట్ల, ఎక్కువగా ఎముకల అతుకుల దగ్గరే కనిపిస్తాయి. వేలితో తాకి చూస్తే పైచర్మం జరుగుతుంది గానీ, గడ్డ చాలాసార్లు ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది.

పరిష్కారం: కనుబొమ కొసన ఉన్నవి సాధారణంగా మెదడు వైపు వెళ్లవు కనుక డాక్టరు పరీక్ష, అల్ట్రాసౌండ్ చాలావరకు సరిపోతాయి. గడ్డ అంచు చేతికి అందకుండా కంటిగూటి లోపలికి పోతున్నట్టుంటే మాత్రం స్కానింగ్ అవసరం.

సమస్య: గడ్డ ముక్కు మీదో, తల వెనుకో సరిగ్గా నడిమి గీతలో ఉంది, దానిపై చిన్న రంధ్రం గానీ, వెంట్రుకల కుచ్చు గానీ ఉంది.

కారణం: అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ఇదే. తిత్తి నుంచి సన్నని సొరంగం పుర్రె గుండా లోపలికి సాగి ఉండవచ్చు. ఆ దారిన సూక్ష్మక్రిములు లోపలికి చేరితే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు), మెదడులో చీముగడ్డ వచ్చే ప్రమాదం ఉంది. కారణం తెలియకుండా మెనింజైటిస్ మళ్లీ మళ్లీ వస్తున్న బిడ్డకు తల వెనుక జుట్టు పాయలు తీసి ఇలాంటి రంధ్రం ఉందేమో వెతకాలి.

పరిష్కారం: ముందు ఎంఆర్ఐ, అవసరమైతే ఎముక కోసం సీటీ. లోపలికి దారి ఉందని తేలితే న్యూరోసర్జన్ (మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు) చేతనే ఆపరేషన్ చేయించాలి.

సమస్య: ఏడ్చినా, పడుకోబెట్టినా ఉబ్బుతుంది, నిలబెడితే తగ్గుతుంది.

కారణం: ఇది డెర్మాయిడ్ తీరు కాదు. పుర్రె సందులోంచి మెదడు పొరలు పొడుచుకు రావడమో, లోపలి సిరలతో కలిసిన రక్తనాళాల గడ్డో కావచ్చు. దీనికి సూది గుచ్చితే ప్రాణాపాయం. ఆలస్యం చేయకుండా న్యూరోసర్జన్‌కు చూపించాలి.

సమస్య: ఉన్నట్టుండి ఎర్రబడి నొప్పి పెడుతోంది.

కారణం: తిత్తికి చీము పట్టి ఉండవచ్చు, లేదా దెబ్బ తగిలి లోపల పగిలి ఉండవచ్చు. సున్నం, బెల్లం పట్టు వేయకూడదు. యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గాక తిత్తిని తీస్తారు. కోసి చీము మాత్రం తీసి వదిలేస్తే గోడ లోపలే మిగిలి గడ్డ మళ్లీ వస్తుంది.

కాన్పులో ఒత్తిడి వల్ల వచ్చే రక్తపు వాపు వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గుతుంది. పేలు, పుండ్లు ఉన్న పిల్లలకు చెవి వెనుక కదిలే చిన్న గడ్డలు సాధారణంగా లింఫ్ గ్రంథులే. త్వరగా పెరుగుతూ, నొక్కితే నొప్పి పుట్టే గడ్డ అయితే ఎముక జబ్బేమో చూడాలి.

ఆపరేషన్‌ను మత్తు ఇచ్చి చేస్తారు. గాటు జుట్టులోనో, కనుబొమ అంచునో పెట్టి, తిత్తిని పగలకుండా గోడతో సహా తీసి బయాప్సీకి పంపుతారు. అలా పూర్తిగా తీస్తే మళ్లీ రావడం అరుదు. లోపలికి దారి లేని మామూలు తిత్తికి తొందరేమీ లేదు, కానీ ఏళ్ల తరబడి వదిలేస్తే కింది ఎముక గుంట పడవచ్చు. ఇంటికి వచ్చాక జ్వరం వచ్చినా, గాయం నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.